రోమా నగరంలో యూదుల వీధి: పదో అధ్యాయం దగ్గర ఆగిపోయిన సంఘం



రెండు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదేమని కొందరు ఫోను చేసి అడిగారు. మేము ఊళ్లో లేము. మా సండేస్కూలులో పెరిగిన ఒక బిడ్డ నర్సింగు చదివి, రోమా నగరంలో ఇళ్లలో ఉండే ముసలివారిని చూసుకునే పని చేస్తోంది. "అయ్యగారూ, అమ్మగారూ, పౌలు భక్తుడు సంకెళ్లతో నడిచిన ఊరు ఇది. ఒక్కసారి వచ్చి చూసి పోండి" అని రెండేళ్లుగా పిలుస్తూ ఉంది. ఈ ఏడు ఈస్టరు తరువాత టిక్కెట్లు తనే తీసి పంపింది. దేవుని కృపవలన వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చాము.

వెళ్లినవాళ్లు పేతురు గుడి గురించి, కొలోసియం గురించి రాస్తారని మీరు ఎదురుచూస్తారు. అవీ చూశాము. కాని ఈ వారం రాయదలచినది ఒక చిన్న వీధి గురించి. ఆ వీధికి మమ్మల్ని నడిపించినది మా సొంత తప్పు. దాన్ని ముందు ఒప్పుకొని, తరువాత చరిత్రలోకి వెళ్తాము.

నల్లగడ్డాల సంగతి

మా సంఘంలో శుభశుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటల ఆరాధన, సాయంత్రం పిల్లల నాటకం. ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి. యేసుప్రభువుకు తెల్ల అంగీ. పేతురు, యోహానులకు తెల్ల దుప్పట్లు. "సిలువ వేయుడి" అని కేకలు పెట్టే గుంపుకు మాత్రం నల్లగడ్డాలు. ఆ గడ్డాలు తెనాలిలో నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టు నుంచి మేమే తెస్తాము. పిల్లలు వాటిని "యూదుల గడ్డాలు" అంటారు. అవి పెట్టుకోవడానికి ఏ పిల్లవాడూ ఇష్టపడడు. అల్లరి చేసినవాడికి ఆ వేషం ఇస్తామని బెదిరించిన రోజులు కూడా ఉన్నాయి.

ఈ ఏడు నాటకం ఫోటోలు రోమాలో ఉన్న మా బిడ్డకు పంపాము. తను చూసుకునే మామ్మగారు యూదురాలు, తొంభైకి దగ్గర పడిన మనిషి. ఫోటోలు చూసి ముచ్చటపడి, "ఈ నల్లగడ్డాల పిల్లలు ఎవరు?" అని అడిగిందట. "అయ్యగారూ, నాకు చెప్పడానికి నోరు రాలేదు" అని మా బిడ్డ ఫోనులో అంది. మాకు కూడా ఏమి చెప్పమనాలో తోచలేదు.

రోమాలో దిగిన మూడో రోజున, "అమ్మా, ఆ మామ్మగారి జనం ఉండే వీధి చూపించు" అని మేమే అడిగాము.

తీతు కమాను కింద

"అయితే కమాను దగ్గర నుంచి మొదలుపెడదాం" అని మా బిడ్డ పొద్దున్నే బయలుదేరదీసింది. కొలోసియం పక్కన చిన్న మిట్ట మీద తీతు కమాను ఉంది. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయాన్ని పడగొట్టిన సేనాని తీతు. తరువాత చక్రవర్తి అయి 81లో చనిపోయాడు. అతని జ్ఞాపకార్థం తమ్ముడు దొమితియను కట్టించిన కమాను ఇది. లోపలి గోడ మీద రాతి చెక్కడం ఉంది. రోమా సైనికులు ఊరేగింపుగా మోసుకుపోతున్నారు. భుజాల మీద ఏమిటవి? ఏడు కొమ్మల దీపవృక్షము, సన్నిధి రొట్టెల బల్ల, వెండి బూరలు.

ప్రియులారా, నిర్గమకాండములో మనం అంగుళం అంగుళం చదివే ఆ దీపవృక్షము చెక్కడాలలో ప్రసిద్ధమైనది ఇదే. దాన్ని చెక్కింది దోచుకుపోయినవాళ్లు. వందల ఏళ్లపాటు రోమా యూదులు ఈ కమాను కింద నడవకుండా చుట్టూ తిరిగి వెళ్లేవారని ఇక్కడ చెబుతారు. ఎదురుగా ఉన్న కొలోసియం కూడా ఆ యుద్ధపు కొల్లసొమ్ముతో కట్టినదే అని పండితులు అంటారు. మేమిద్దరం కమాను కింద నిలబడి ఫోటో దిగుదామనుకున్నవాళ్లం, ఎందుకో దిగలేదు.

అయితే యూదులు ఈ నగరానికి చెరపట్టబడి రావడం అదే మొదలు కాదు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, క్రీ.పూ. 161 ప్రాంతంలో, మక్కబీయుడైన యూదా పంపిన రాయబారులు రోమాకు వచ్చారు. పౌలు నాటికి వారు వేల సంఖ్యలో ఉన్నారు. చాలామంది టైబరు నదికి అవతలి ఒడ్డున కాపురం ఉండేవారని అలెగ్జాండ్రియావాడైన ఫిలో రాశాడు. వారిలో ఎక్కువమంది చెరపట్టబడి వచ్చి తరువాత విడుదల పొందినవారు. నగరం వెలుపల అప్పియా మార్గం పక్కన నేల కింద వారి సమాధి గుహలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీది రాతలు ఎక్కువగా గ్రీకులో ఉంటాయి. పౌలు రోమీయులకు పత్రికను గ్రీకులో రాసింది ఎందుకో అక్కడ తెలుస్తుంది.

అకుల, ప్రిస్కిల్ల మనకు తెలిసినవారే. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి పొమ్మంటే, సుమారు 49లో, మూటాముల్లె సర్దుకొని కొరింథుకు వెళ్లినవారు. అక్కడే డేరాలు కుట్టే పనిలో పౌలుకు జత అయ్యారు. తరువాత రోమాకు తిరిగి వచ్చి తమ ఇంట్లోనే సంఘాన్ని కూర్చుకున్నారు. పౌలు ఖైదీగా ఈ నగరానికి వచ్చినప్పుడు, మూడు రోజులకే పిలిపించుకున్నది ఎవరిని? యూదుల పెద్దలను. అపొస్తలుల కార్యములు ఆఖరి అధ్యాయంలో చూడండి. అంటే రోమాలో క్రైస్తవ సంఘం పుట్టింది యూదుల ఇళ్లలో, యూదుల మాటల మధ్య. ఇది తలలో పెట్టుకొని మేము నదివైపు నడిచాము. అరగంట నడక.

గోడ కట్టిన వీధి

వయా దెల్ పోర్తికో దొత్తావియా అనే వీధి. అగుస్తు చక్రవర్తి తన అక్క ఒక్టావియా పేరున కట్టించిన పాలరాతి మంటపం సగం కూలి ఇప్పటికీ నిలబడి ఉంది. దాని శిథిలాల మధ్యనే వందల ఏళ్లు చేపల సంత సాగింది. ఇప్పుడు వీధి పొడుగునా హోటళ్లు. ఆర్టిచోక్ అనే పెద్ద పూమొగ్గను ఒలీవ నూనెలో కరకరలాడేట్టు వేయించి పెడతారు. దాని పేరే యూదుల పద్ధతి వేపుడు. చామంతి పువ్వులా విచ్చుకొని ఉంటుంది. తిన్నాము, బాగుంది.

తింటూ ఉండగా మా బిడ్డ చెప్పింది: "అయ్యగారూ, ఇక్కడే గోడ ఉండేది."

1555 జూలై 14న పోపు నాలుగవ పౌలు ఒక ఆజ్ఞ వెలువరించాడు. యూదులు తమ దోషం మూలంగా నిత్య దాస్యానికి పాత్రులయ్యారు గనుక క్రైస్తవులతో కలిసిమెలిసి బతకడం తగదని దాని సారాంశం. ఆ ఆజ్ఞ ప్రకారం నది పక్కన పల్లపు నేలలో, ఏటా వరద వచ్చే చోట, కొద్ది సందులను గోడతో చుట్టి యూదులందరినీ అందులో ఉండమన్నారు. గోడ కట్టే ఖర్చు కూడా వాళ్ల చేతే పెట్టించారు. ద్వారాలకు రాత్రిపూట తాళం. మగవారికి పసుపుపచ్చ టోపీ, ఆడవారికి ఆ రంగు ముసుగు. ఇల్లు, పొలం సొంతంగా ఉండకూడదు. క్రైస్తవులకు వైద్యం చేయకూడదు. పాత బట్టలు కొని అమ్ముకోవడం తప్ప వేరే వర్తకం ఇంచుమించు లేదు. నిరుపేద క్రైస్తవుడు సైతం యూదుణ్ణి "అయ్యా" అని పిలవకూడదు. సమాజమందిరం ఒక్కటే ఉండాలి. దానికి వాళ్లు ఒక ఉపాయం చేశారు. ఒకే కప్పు కింద ఐదు మందిరాలు పెట్టుకున్నారు. స్పెయిను నుంచి, సిసిలీ నుంచి తరిమివేయబడి వచ్చినవారు ఎవరి ఆచారం ప్రకారం వారు ప్రార్థన చేసుకునేవారు. ఆ కట్టడం ఇప్పుడు లేదు, అక్కడి బయలుకు మాత్రం ఐదు మందిరాల పేరు మిగిలింది.

ఇలాంటి పేటలకు గెట్టో అనే పేరు వెనిస్ నగరం నుంచి వచ్చింది. అక్కడ 1516లోనే మొదలైంది. కాని రోమాలో ఇది చివరిదాకా నిలిచింది. 1848లో పస్కా పండుగ రాత్రి గోడ పడగొట్టారు. కొద్దికాలానికే కట్టుబాట్లు మళ్లీ వచ్చాయి. 1870లో ఇటలీ సైన్యం రోమాను పోపుల పాలన నుంచి తీసుకున్నాకే యూదులు అందరితో సమాన పౌరులయ్యారు. మూడు వందల పదిహేనేళ్లు!

ఈ సంగతులు వింటుంటే మాకు నోట్లో ముద్ద దిగలేదు. మా సంఘం ఏ పల్లెలో ఉందో మీలో చాలామందికి తెలుసు. ఊరికి ఒక పక్కగా, చెరువుకు దిగువగా ఉండే వాడ. చెప్పులు చేతపట్టుకొని పెద్దవీధి దాటిన ముసలివారు మా సంఘంలో ఇంకా బతికే ఉన్నారు. ఎవరిని ఎవరు "అయ్యా" అని పిలవాలో, ఎవరు ఎవరి పాత బట్టలు కట్టుకోవాలో వాళ్లకు ఎవరూ పుస్తకం చూసి చెప్పనక్కరలేదు. మన తాతలు క్రీస్తు దగ్గరకు వచ్చింది ఆయన దగ్గర గోడ లేదని విని. ఎఫెసీయులకు రాసిన పత్రికలో యూదులకూ అన్యులకూ మధ్య ఉన్న గోడను క్రీస్తు పడగొట్టాడని చదివి మనం ఎంత సంతోషిస్తాము! అదే గోడను, అదే ఇద్దరి మధ్య, తిరిగి కట్టింది సంఘమే. అదీ పౌలు అని పేరు పెట్టుకున్న మనిషి ఆజ్ఞతో. రెండు జనాల బాధలను తక్కెడలో పెట్టి తూయాలని మేము ఇది రాయడం లేదు. వాడలో పుట్టినవాళ్లకు ఆ వీధి అర్థం కావడానికి దుబాసీ అవసరం లేదని మాత్రమే చెబుతున్నాము.

"అది పోపుల పని, మనకేమి?" అని మనలో కొందరు అనుకోవచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాము. కాని ఆ ఆజ్ఞకు పన్నెండేళ్ల ముందే, 1543లో, మార్టిన్ లూథరు యూదులకు వ్యతిరేకంగా ఒక పుస్తకం రాశాడు. వారి సమాజమందిరాలను తగలబెట్టమని అందులో పాలకులకు సలహా ఇచ్చాడు. గోడకు ఈ పక్క ఉన్నవాళ్లం అని మనం తప్పుకోవడానికి వీలు లేదు.

వంతెన దగ్గరి గుడి

వీధి చివర నది. నది మీద ఫాబ్రిచియో వంతెన. క్రీ.పూ. 62లో కట్టినది, ఇప్పటికీ జనం దాని మీద నడుస్తున్నారు. వంతెన ఎదుట శాన్ గ్రెగోరియో అనే చిన్న గుడి ఉంది. గెట్టో ద్వారం దాని దగ్గరే ఉండేది. గుడి ముఖం మీద, తలుపు పైన, ఒక వాక్యం రెండు భాషల్లో రాసి ఉంది. ఒకటి లాటిను, రెండోది హీబ్రూ. క్రైస్తవ గుడి మీద హీబ్రూ ఎందుకు? గెట్టోలో ఉన్నవాళ్లు చదువుకోవడానికి. యెషయా గ్రంథం 65వ అధ్యాయం, రెండో వచనం. లోబడని ప్రజలవైపు దేవుడు దినమంతా చేతులు చాపి ఉన్నాడని అర్థం వచ్చే మాట. ఆ పేటవాళ్లు బయటకు వచ్చి తలెత్తితే కనిపించేది అది.

ఇంతటితో అయిపోలేదు. 1584లో పోపు పదమూడవ గ్రెగరీ ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం యూదులు విశ్రాంతి దినాన కొంతమంది చొప్పున వచ్చి క్రైస్తవ ప్రసంగం వినాలి. వినకపోతే జరిమానా. పక్కనే ఉన్న శాన్ ఆంజెలో గుడిలో కూడా ఈ ప్రసంగాలు జరిగేవి. కునుకు తీసేవారిని కర్రతో పొడిచి లేపడానికి కాపలావాళ్లు ఉండేవారు. చెవుల్లో మైనం పెట్టుకొని వచ్చేవారని ఆ పేటలో నేటికీ చెప్పుకుంటారు. రెండున్నర శతాబ్దాలకు పైగా, 1847 దాకా, ఇది నడిచింది.

మేము ప్రసంగీకులం. లేచి వెళ్లడానికి వీలు లేని జనం ముందు నిలబడి ప్రేమను గురించి ప్రసంగించడం ఎలా ఉంటుందో ఆ మెట్ల మీద కూర్చొని ఊహించాము. ఆ బోధకులలో భక్తిపరులు కూడా ఉండే ఉంటారు. రాత్రంతా ప్రార్థించి వచ్చినవారూ ఉండి ఉంటారు. అయినా ఎదుట ఉన్నవాడి చెవిలో మైనం ఎందుకు ఉందో వాళ్లకు తట్టలేదు.

సంచిలో ఉన్న బైబిలు తీసి రోమా పత్రిక తెరిచాము. గుడి గోడ మీది ఆ వాక్యాన్ని పౌలు కూడా ఎత్తి రాశాడు. ఎక్కడో తెలుసా? పదో అధ్యాయం చివరి వచనంలో. అక్కడ ఆగిపోతే అది తీర్పులాగే వినిపిస్తుంది. కాని పౌలు అక్కడ ఆగలేదు. వెంటనే పదకొండవ అధ్యాయం మొదటి వచనంలో ప్రశ్న వేసుకుంటాడు: దేవుడు తన ప్రజలను విడిచిపెట్టాడా అని. ఎంతమాత్రమూ కాదని తనే జవాబు చెబుతాడు. నేనూ ఇశ్రాయేలీయుడనే కదా అంటాడు. పౌలు రాసిన పత్రికకు అధ్యాయాల గీతలు లేవు, అవి తరువాతి వాళ్లు పెట్టినవి. రోమా సంఘానికి రాసిన పత్రికను రోమా సంఘమే పదో అధ్యాయం చివర మూసేసి, ఆ ముక్కను కోసి గోడకు తగిలించింది. ఒక్క పుట తిప్పి ఉంటే ఆ గోడ కట్టడానికి చేతులు వచ్చేవి కావు.

పదకొండవ అధ్యాయంలో ఒలీవ చెట్టు సంగతి మీకు తెలుసు. కడియం నర్సరీలలో నాటు మామిడి మొక్కకు బంగినపల్లి కొమ్మను అంటు కడతారు. వేరు నాటుది, కాయ మేలైనది. పౌలు చెప్పింది దీనికి తలకిందులు. మేలైన చెట్టుకు అడవి కొమ్మను అంటు కట్టారు. ఆ అడవి కొమ్మ మనమే. ఇది స్వభావానికి విరుద్ధమైన పని అని పౌలే అన్నాడు. అందుకే ఆయన హెచ్చరిక కూడా అంత గట్టిగా ఉంది: కొమ్మలను చూసి అతిశయపడవద్దు, వేరు నిన్ను మోస్తోంది గాని నీవు వేరును మోయడం లేదు అనే భావం. ఈ వచనాలు మేము పెళ్లి ప్రసంగాల్లో, బాప్తిస్మపు ప్రసంగాల్లో ఎన్నోసార్లు వాడాము. యూదుల గురించి వాడింది మాత్రం ఒక్కసారి కూడా గుర్తు లేదు.

శనివారం తెల్లవారుజామున

ఆ వీధిలో నడిచేటప్పుడు కిందికి చూడాలి. గుమ్మాల ముందు, రాళ్ల మధ్య, పది సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలకలు మెరుస్తూ ఉంటాయి. జర్మనీ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ మొదలుపెట్టిన పని ఇది. రోమాలో 2010 నుంచి పెడుతున్నారు. ఇక్కడ నివసించారు అని మొదలై పేరు, పుట్టిన ఏడు, పట్టుకుపోయిన తేదీ ఉంటాయి. చదవాలంటే తల వంచాలి. ఒకే గుమ్మం ముందు తండ్రి, తల్లి, పిల్లలు వరుసగా ఉన్నారు. చాలా పలకల మీద ఒకే తేదీ: 1943 అక్టోబరు 16.

1938లోనే ముస్సోలిని ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చి యూదుల పిల్లలను బడుల నుంచి, పెద్దలను ఉద్యోగాల నుంచి వెళ్లగొట్టింది. 1943 సెప్టెంబరులో జర్మను సైన్యం రోమాను ఆక్రమించుకుంది. నాజీ అధికారి కాప్లర్ యూదుల పెద్దలను పిలిపించి, 36 గంటల్లో 50 కిలోల బంగారం తేకపోతే 200 మందిని పట్టుకుపోతానన్నాడు. పెళ్లి ఉంగరాలు, గొలుసులు, చెవిపోగులు తెచ్చి తూకం వేశారు. క్రైస్తవులు కొందరు కూడా వచ్చి తమ నగలు ఇచ్చి వెళ్లారు. బంగారం చెల్లించారు. గండం గడిచిందనుకున్నారు.

అక్టోబరు 16 శనివారం. విశ్రాంతి దినం, పైగా పర్ణశాలల పండుగ వారం. వాన పడుతోంది. తెల్లవారకముందే సైనికులు వీధిని చుట్టుముట్టి ఇంటింటికీ వెళ్లారు. చేతిలో ఒక చీటీ పెట్టారు: ఎనిమిది రోజులకు తిండి తీసుకోండి, ఇరవై నిమిషాల్లో బయటకు రండి, ఇంటికి తాళం వేయండి. నగరమంతటా కలిపి 1,259 మందిని పట్టుకున్నారు. పేతురు గుడికి కూతవేటు దూరంలో ఉన్న సైనిక కళాశాలలో రెండు రోజులు ఉంచారు. ఒక తల్లి అక్కడే ప్రసవించింది. కొందరిని విడిచిపెట్టి, మిగిలిన వెయ్యి మందికి పైగా జనాన్ని 18న సరుకుల రైలు పెట్టెల్లో ఆష్విట్జ్‌కు పంపారు. వారిలో రెండు వందలకు పైగా పిల్లలు. తిరిగి వచ్చినవారు 16 మంది. పదిహేను మంది మగవారు, ఒకే ఒక్క స్త్రీ, సెత్తిమియా స్పిజ్జికీనో. పిల్లల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ తల్లి 2000లో చనిపోయేదాకా బడులకు వెళ్లి పిల్లలకు తన కథ చెప్పేది. రోమాలో ఇప్పుడు ఒక వంతెనకు ఆమె పేరు పెట్టారు.

పన్నెండవ పయస్ పోపు ఆ రోజు బహిరంగంగా నిరసన ప్రకటించలేదు. ఆ మౌనం గురించి చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. అదే సమయంలో రోమాలోని మఠాలు, కాన్వెంట్లు, మామూలు ఇళ్లు వేలమంది యూదులకు తలుపులు తెరిచాయి. మా బిడ్డ చూసుకునే మామ్మగారికి అప్పుడు ఆరేళ్లు. కన్యాస్త్రీల మఠంలో వేరే పేరుతో దాచారట.

శాన్ గ్రెగోరియో ఎదుటి వంతెన దాటితే నది మధ్యలో చిన్న దీవి, దాని మీద ఫాతెబెనెఫ్రాతెల్లి ఆసుపత్రి. ఆ పేరుకు, సహోదరులారా మేలు చేయండి అని అర్థం. అక్కడి వైద్యుడు జొవాన్ని బొర్రొమేయో, తోటి వైద్యులు కలిసి యూదులను రోగులుగా చేర్చుకొని, లేని జబ్బు ఒకటి పుట్టించారు. దానికి "కె" జబ్బు అని పేరు పెట్టారు. చాలా భయంకరమైన అంటురోగమని చెబితే సోదాకు వచ్చిన సైనికులు ఆ వార్డులోకి అడుగు పెట్టలేదు. 2004లో యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ బొర్రొమేయోను నీతిమంతుల జాబితాలో చేర్చింది. గోడ మీద హీబ్రూ వాక్యం రాసిన గుడి వంతెనకు ఈ చివర, ఈ ఆసుపత్రి ఆ చివర. మధ్యలో ఉన్నది ఆ వంతెన మాత్రమే. దినమంతా చేతులు చాపడం అంటే ఏమిటో ఏ చివర అర్థం చేసుకున్నారో మీరే చెప్పండి.

నలుచదరపు గోపురం

నది ఒడ్డున ఇప్పుడు పెద్ద సమాజమందిరం ఉంది. పాత పేటను కూలగొట్టిన తరువాత 1904లో ప్రతిష్ఠించారు. గోపురం నలుచదరంగా ఉంటుంది. గుండ్రటి గోపురాలు నిండిన రోమాలో, ఇది వేరే అని దూరం నుంచే తెలియాలని అలా కట్టారు. లోపలికి వెళ్లాలంటే సంచులు విప్పి చూపాలి. 1982 అక్టోబరులో పండుగ ఆరాధన ముగించుకొని కుటుంబాలు బయటకు వస్తుండగా ఉగ్రవాదులు బాంబులు వేసి కాల్పులు జరిపారు. రెండేళ్ల పసివాడు చనిపోయాడు, 37 మంది గాయపడ్డారు.

1986 ఏప్రిల్ 13న పోపు రెండవ జాన్ పాల్ ఈ మందిరంలోకి వచ్చాడు. రబ్బీ ఎలియో తొవాఫ్ ఎదురువచ్చి కౌగిలించుకున్నాడు. యూదులు మాకు అన్నల వంటివారు అనే భావంతో పోపు మాట్లాడాడు. అంతకు ముందే, 1965లో, వాటికన్ మహాసభ ఒక ప్రకటన చేసింది: క్రీస్తు మరణపు నేరాన్ని అప్పటి యూదులందరి మీద గాని, నేటి యూదుల మీద గాని మోపకూడదని. పేతురు గుడి నుంచి ఈ మందిరానికి ముప్పై నలభై నిమిషాల నడక. ఆ దారి నడవడానికి సంఘానికి ఎన్ని శతాబ్దాలు పట్టిందో చూడండి.

మన సంగతి

ప్రియులారా, మన ఊళ్లలో యూదులు లేరు గదా, మన నాటకం వల్ల ఎవరికి నష్టం అని అడగవచ్చు. మేమూ అలాగే అనుకొని ఇరవై ఏళ్లు గడిపాము. ఒక పక్క మందిరంలో ఇశ్రాయేలు జెండా కడతాము, ఇంకో పక్క శుభశుక్రవారం రాగానే యూదులను తిడతాము. ఆ రెండింటిలోనూ నిజమైన యూదుడు, ఫోటో చూసి ప్రశ్న అడిగే ముసలి మామ్మ, మన కంటికి కనిపించడు. ఇది నేటి యుద్ధాల గురించి, రాజ్యాల గురించి చెప్పే తీర్పు కాదు. మన నోటి గురించిన మాట. మేకులు కొట్టినవారు రోమా సైనికులు. ఆజ్ఞ ఇచ్చినవాడు రోమా అధిపతి. సిలువ దగ్గర ఏడ్చిన స్త్రీలు యూదులు. దేహాన్ని అడిగి సమాధి చేసిన యోసేపు యూదుడు. సిలువ మీద వేలాడిన మన ప్రభువు యూదుడు. ఆయన పాపులందరి కోసం చనిపోయాడని ఏడు మాటల్లో చెప్పి, సాయంత్రానికి ఆ నేరం ఒక్క జనం నెత్తిన పెట్టి, మన పిల్లల చేతులు కడిగిస్తున్నాము. చేతులు కడుక్కోవడం పిలాతు పని.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు మా బిడ్డ మమ్మల్ని మామ్మగారింటికి తీసుకువెళ్లింది. కాఫీ ఇచ్చారు. మా భాష ఆమెకు రాదు, ఆమె భాష మాకు రాదు, మధ్యలో మా బిడ్డ. క్షమించమని అడగడానికి మేము మాటలు కూడబెట్టుకొని వెళ్లాము. ఆమె మమ్మల్ని అంతదూరం రానివ్వలేదు. ఆ గడ్డాలు ఏం చేస్తారని అడిగింది. తిరిగి కొట్టుకు ఇచ్చేస్తామని చెప్పాము. ఆమె కాసేపు ఆలోచించి నవ్వింది. "ఇవ్వద్దు. పేతురుకు కూడా ఒకటి పెట్టండి. యేసుకు కూడా. వాళ్లకూ గడ్డాలు ఉండేవి" అంది.

వచ్చే శుభశుక్రవారం మా నాటకంలో అందరికీ గడ్డాలు ఉంటాయి. "సిలువ వేయుడి" అని కేక పెట్టే గుంపులో సంఘ పెద్దలతోపాటు మేమిద్దరమూ నిలబడతాము. నాటకానికి ముందు వారం రోమా పత్రిక తొమ్మిది, పది, పదకొండు అధ్యాయాలు ఆపకుండా ఒకేసారి చదువుతాము. మీ సంఘాల్లో కూడా అలా చదవమని బతిమాలుకుంటున్నాము.

ప్రభువా, అడవి కొమ్మలమైన మమ్మును అంటు కట్టితివి. మమ్మును మోసే వేరును మరచిన మా నోళ్లను క్షమించుము. ఏ గోడ కట్టుటకు మా చేతులు ఎత్తకుండునట్లు కాపాడుము. ఆమేన్.